మూడో కిలోమీటరు

నా కుడి మోకాలికి కిలోమీటర్లు లెక్కపెట్టడం వచ్చు. మొదటి రెండూ ఏమీ అనదు. మూడోది మొదలై కొంచెం దూరం పోగానే, మోకాలి బయటి వైపు ఎముక మీద ఎవరో పెన్ను మూత పెట్టి నొక్కుతున్నట్టు ఉంటుంది. ఆగి నడిస్తే రెండు నిమిషాల్లో మాయం. మళ్ళీ పరిగెత్తితే మళ్ళీ హాజరు. ల్యాబ్‌కి మనం వచ్చేదానికంటే పద్ధతిగా వస్తుంది. పరుగు లేని రోజున కూడా దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్ల మీద ఒకసారి పలకరిస్తుంది. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు.

దీని పేరు ఐటీ బ్యాండ్ సిండ్రోమ్. ఐటీ అంటే మనమందరం రెజ్యూమెలు పంపే ఐటీ కాదు, ఇలియోటిబియల్. తుంటి దగ్గర మొదలై, తొడ బయటి వైపుగా దిగి, మోకాలి కింది ఎముకకు అతుక్కునే మందపాటి పట్టీ అది. చాలాకాలం డాక్టర్లు ఈ పట్టీ ఎముక మీద ముందుకీ వెనక్కీ జారుతూ తాడులా రాపిడి పెడుతుందని అనుకునేవాళ్ళు. 2006లో ఫెయిర్‌క్లో అనే ఆయన, ఆయన బృందం పరిశీలించి, పట్టీ తొడ ఎముకకు గట్టిగా అతుక్కుని ఉంటుందని, జారడం కంటే కింద ఉన్న కొవ్వు పొరను నొక్కడమే అసలు సంగతని రాశారు. ఆ పొర నిండా నరాలు. మోకాలు దాదాపు 30 డిగ్రీలు వంగినప్పుడు ఆ నొక్కుడు ఎక్కువ. పరుగులో పాదం నేలకు తగిలాక మోకాలు వంగేది సుమారుగా అంతే. నిమిషానికి 160 అడుగులు వేస్తే కుడికాలి వాటా 80. నా వేగానికి మూడు కిలోమీటర్లలో దాదాపు 1,800 నొక్కుళ్ళు. ఫటీగ్ లోడింగ్ అర్థం కాలేదన్న మెకానికల్ తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే నా మోకాలు చూపిస్తాను.

ఇలాంటి మోకాలు పెట్టుకుని నేను ట్రయాథ్లాన్‌కి పేరిచ్చాను. ఈత, సైకిల్, పరుగు, మధ్యలో గడియారం ఆపకుండా ఒకదాని వెంట ఒకటి. ఈ పేరుతో మొదటి పోటీ 1974లో అమెరికాలోని శాన్‌డియాగోలో జరిగింది, ఒలింపిక్స్‌లోకి 2000 సిడ్నీతో వచ్చింది. అందరూ చెప్పుకునే ఐరన్‌మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆ తర్వాత పూర్తి మారథాన్. నాది అది కాదు. నాది స్ప్రింట్: 750 మీటర్లు, 20 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు. ఐరన్‌మ్యాన్ వాళ్ళకి ఇది టిఫిన్. నాకు ఆ చివరి 5లో మూడో కిలోమీటరు ఉంది, అదే పేచీ. పోయినేడు కూడా ఫీజు కట్టి, వారం ముందు ఈ మోకాలి వల్లే మానుకున్నా.

ఎంట్రీ ఫీజు అమ్మ మూడు రోజుల జీతం. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బే, అయినా లెక్క అలాగే వస్తుంది. మా అమ్మ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక చీరల షాపులో సేల్స్‌లో ఉంది. పొద్దున పదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. కస్టమర్ ఉన్నా లేకపోయినా. ఫోన్లో ఫీజు రసీదు చూసి అన్నది ఒకటే మాట. "పైసలిచ్చి నొప్పి కొనుక్కుంటరానే ఎవరన్నా? నాకైతే నొప్పికి వాళ్ళే పైసలిస్తున్నరు."

నవ్వాను. తర్వాత ఆ మాట చాలా రోజులు వదల్లేదు.

చైతన్యపురిలో ఒక ఫిజియో దగ్గరికి వెళ్ళా. మోకాళ్ళ నొప్పులు చూసే క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. కిందికి దిగే లోపు పేషెంటుకి తన జబ్బేంటో తనకే అర్థమవుతుందని కాబోలు. ఆయన పక్కకు పడుకోబెట్టి కాలు పైకెత్తమని, దాన్ని రెండు వేళ్ళతో కిందికి నొక్కాడు. రెండు వేళ్ళే. కాలు పడిపోయింది. "నొప్పి మోకాల్లో ఉందమ్మా, పని తుంటి దగ్గరుంది" అన్నాడు. తుంటి పక్క కండరాలు సరిగ్గా పట్టుకోకపోతే అడుగు పడ్డప్పుడల్లా తొడ లోపలికి వాలిపోతుంది, ఆ పట్టీ బిగుసుకుంటుంది. ఇంటికొచ్చి వెతికితే 2000లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చేసిన అధ్యయనం దొరికింది. ఇదే నొప్పి ఉన్న 24 మంది రన్నర్లకు ఆరు వారాలు తుంటి కండరాల వ్యాయామాలు చేయిస్తే 22 మంది నొప్పి లేకుండా పరుగుకు తిరిగొచ్చారు. తుంటి బలహీనతే అసలు కారణమా అన్నదాని మీద డాక్టర్లలో ఇంకా వాదన ఉందిట. నాకు వాదనతో పని లేదు. రేసుకి ఏడు వారాలుంది.

దాంతో మా హాల్లో రోజూ రాత్రి పదింటికి సర్కస్. పక్కకు పడుకుని ఆల్చిప్పలా మోకాళ్ళు తెరవడం, గోడకు మడమ ఆనించి కాలెత్తడం, మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి తుంటిని దించి లేపడం. ఫోమ్ రోలర్ వెయ్యి రూపాయలంటే చపాతీ కర్రతో సరిపెట్టా. అమ్మ షాపు నుంచొచ్చి గోరువెచ్చని ఉప్పు నీళ్ళ బకెట్‌లో కాళ్ళు పెట్టుకుని, నన్ను టీవీ చూసినట్టు చూసేది.

ఫిజియో ఇచ్చిన ఇంకో సంగతి, నిజానికి అన్నిటికంటే పనికొచ్చింది, ఒక అంకె. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులెయ్యాలి. మూడు దాకా పరిగెత్తొచ్చు. మూడు దాటితే నడక. ఐదైతే ఆపేసి పక్కకు రావడం. మర్నాడు పొద్దున లేచేసరికి నొప్పి ముందురోజు స్థాయికి దిగకపోతే, ఆ రోజు చేసింది ఎక్కువైనట్టు లెక్క. వైవా మార్కుల కంటే నిజాయితీగా వెయ్యాల్సిన మార్కులివి, ఎందుకంటే ఇక్కడ ఎగ్జామినర్ నువ్వే, ఫెయిలయ్యేదీ నువ్వే.

సరిగ్గా ఈ సమయంలోనే ఫ్రెండ్స్ నాకు ఒక వీడియో పంపడం మొదలుపెట్టారు. మీలో చాలామంది చూసే ఉంటారు. 1982 ఫిబ్రవరి, హవాయి ఐరన్‌మ్యాన్. జూలీ మాస్ అనే అమ్మాయి చివరిదాకా ముందంజలో ఉండి, గీత దగ్గరికొచ్చేసరికి కూలిపోతుంది, లేస్తుంది, మళ్ళీ కూలుతుంది, ఆఖరికి పాకుతూ దాటుతుంది. ఈలోపు ఇంకో అమ్మాయి, కాథ్లీన్ మెకార్ట్నీ, పక్కనుంచి దాటిపోయింది. తేడా 29 సెకన్లు. ఆ పాకడం టీవీలో చూసే అమెరికా అంతా ఈ ఆట వైపు తిరిగిందంటారు. జూలీ మాస్ అప్పుడు మనలాగే స్టూడెంట్, తన కోర్సు ప్రాజెక్టు కోసం ఆ పోటీలో దిగింది. ప్రాజెక్టు కోసం మనం గూగుల్ దాకా పోతాం, ఆవిడ హవాయి పోయింది.

నాకూ ఆ వీడియో చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ దాన్ని నా మోకాలికి మందులా పంపడమే నచ్చలేదు. ఆమెకు అయింది అలసట, ఒంట్లో ఇంధనం మొత్తం అయిపోవడం. తిని పడుకుంటే కొన్ని రోజుల్లో తిరిగొస్తుంది. గాయం అలా కాదు, దాన్ని లెక్కచెయ్యకుండా తోసుకుపోతే పెరుగుతూ పోతుంది. రెండిటికీ మనం ఒకటే మాట వాడతాం, నొప్పి. ఒకటే స్టేటస్ పెడతాం, "ఓర్చుకుంటే గెలుపు". పరుగెత్తేవాళ్ళకు ఈ రెండిటికీ తేడా తెలియడం వేగం కంటే ముఖ్యమని నా అభిప్రాయం. ఇక అమ్మ కాళ్ళ నొప్పి ఈ రెండిట్లో ఏదని ఆలోచిస్తే, రెండూ. ఇంధనం అయిపోవడమూ ఉంది, రోజూ పెరగడమూ ఉంది. ఐదు దాటితే పక్కకు రావడం మాత్రం ఆ లెక్కలో లేదు.

ప్రాక్టీస్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనవైపు నుంచి ఇలాంటి ఆటలకు పోయేవాళ్ళు తక్కువ, ఆ కారణం మనుషుల్లో లేదు. 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టిన 50 మీటర్ల పూల్ గచ్చిబౌలిలో ఉంది. 2023లో ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు, అదీ అటువైపే. మనకు సైకిల్ అంటే ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు, బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్, బొంగ్లూరు. ఆరు దాటిందా, కంకర లారీలు, వాటి వెనక ఇబ్రహీంపట్నం వైపు పోయే ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు. ఒకరోజు మన బస్సే హారన్ కొట్టి దాటేసింది, కిటికీలోంచి చెయ్యూపింది ఎవరో చెప్పండి. ఈతకు కొత్తపేట దగ్గరి ప్రైవేటు పూల్, 25 మీటర్లది, ఆడవాళ్ళ బ్యాచ్ సాయంత్రం గంట. సరూర్‌నగర్ చెరువు ఇంటి పక్కనే ఉంది కదా, అందులో ఈదొచ్చుగా అన్నాడొక సివిల్ మేధావి. ఒకసారి కట్ట మీద సాయంత్రం గాలి పీలిస్తే ఆ మాట అనడు. పరుగుకు మాత్రం వీఎం హోం గ్రౌండ్ ఉంది, మట్టి నేల, మోకాలికి హాయి. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళు నేను నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చేస్తుంటే చూసి, "ఏమ్మా, అప్పుడే అలసిపోయినవా?" అనేవాళ్ళు. నా ప్లానే అది అని చెప్పడం రెండో వారానికి మానేశా.

సైకిల్ సీనియర్ అన్నది. ఆయన పొడగరి, సీటు ఎత్తుగా ఉండేది. ఎత్తు సీటు మీద కాలు పూర్తిగా చాపాల్సొచ్చి ఆ పట్టీ ఇంకా లాగుతుంది. ఒక సెంటీమీటరు దించాం. అంతే, ఒక్క సెంటీమీటరుకి సైకిల్ మీద నొప్పి రెండు నుంచి సున్నాకి వచ్చింది. ఈతలో కప్పలా తన్నే బ్రెస్ట్ స్ట్రోక్ ఫిజియో మానిపించాడు, మోకాలిని పక్కకు తిప్పుతుందని. ఇక ఫ్రీస్టైలే.

నవంబరు చివరి ఆదివారం. మొదటి మెట్రో ఆరింటికి, రేసు ఆరున్నరకి, పైగా చేతిలో సైకిల్. పక్కింటి అన్న తన ట్రాలీ ఆటోలో నాలుగున్నరకే ఎక్కించుకుని ఆరాంఘర్ మీదుగా తీసుకుపోయాడు. అమ్మ రాలేదు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆదివారం సెలవడగడం అంటే ఉద్యోగం మానేస్తానని చెప్పినట్టే.

ఈత గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చలి, 15 లెంగ్తులు, ప్రతి మలుపులోనూ గోడను ఎడమ కాలితోనే తన్నడం, 24 నిమిషాలు. సైకిల్ 52 నిమిషాలు, మొదటిసారి లారీల్లేని రోడ్డు, మహారాణిలా తొక్కా. దిగి బూట్లు మార్చుకుని పరుగందుకుంటే కాళ్ళు మనవి కావు, అద్దెకు తెచ్చుకున్నట్టుంటాయి. ఇది అందరికీ ఉంటుంది, మెల్లగా పోతుంది.

మొదటి నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. అసలు కష్టం ఇక్కడ మొదలైంది, మోకాలితో కాదు. నేను నడక మొదలుపెట్టిన ప్రతిసారీ పక్కన నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టి "ఆగకు, ఆగకు, నువ్వు పరిగెత్తగలవు!" అని అరవడం. అంత ప్రేమగా అరుస్తుంటే నడవడం ఎంత కష్టమో. ఒక అంకుల్ నాతో పాటు పది అడుగులు పరిగెత్తి చూపించాడు కూడా. రెండుసార్లు కాళ్ళు వాటంతటవే పరుగందుకోబోయాయి. వాచీ చూసుకుంటూ నిమిషం పూర్తయ్యేదాకా నడిచా.

మూడో కిలోమీటరు బోర్డు. పెన్ను మూత తగిలింది. ఒకటి. మూడున్నర దగ్గర రెండు. నాలుగు బోర్డు కనపడేసరికి నాలుగు. మార్కులు తగ్గించి వేసుకోవాలని ఎంత అనిపించిందో. ఒక్క కిలోమీటరు, ఎనిమిది నిమిషాల పని, మూడే అనుకో, ఎవరు చూడొచ్చారు. పోయినేడు మానుకున్నది, ఏడు వారాల చపాతీ కర్ర, మూడు రోజుల జీతం, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. మర్నాడు పొద్దున మెట్రో మెట్లు కూడా గుర్తొచ్చాయి.

నడిచా. ఆ కిలోమీటరు మొత్తం. ఐదైతే బిబ్ విప్పి ఇచ్చేద్దామని అనుకుంటూ నడిచా. నాలుగు దాటలేదు, కాసేపటికి రెండుకు దిగింది. నా వెనక సైకిల్ మీద ఎక్కడో వదిలేసిన పదిమంది నన్ను దాటిపోయారు. చివర్లో ఫోటో తీసే అబ్బాయి కెమెరా దించి "అక్కా, ఒక్క పది అడుగులు పరిగెత్తు, ఫోటో బాగొస్తది" అని బతిమాలాడు. ఫోటోలో నేను కూరగాయలకు పోతున్నట్టు ఉన్నా. మొత్తం 2 గంటల 7 నిమిషాలు.

సోమవారం దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ మెట్లు దిగా. ఒకటి.

మెడల్ చూసి అమ్మ "ఇత్తడా?" అని అడిగింది. తర్వాతి బుధవారం షాపుకి వారపు సెలవు కాకపోయినా అమ్మకు షిఫ్ట్ మార్పు దొరికింది, నాతోపాటు ఫిజియో దగ్గరికి లాక్కుపోయా. రెండంతస్తులు ఎక్కి కుర్చీలో కూలబడింది. ఆయన అదే ప్రశ్న అడిగాడు. సున్నా నుంచి పదిలో ఎంతమ్మా?

"సాయంత్రం ఆరు దాకా నాలుగుంటది సార్. ఆ తర్వాత నేను లెక్కపెట్టను."

ఆయన కాసేపు ఏమీ రాయలేదు. రెండు వ్యాయామాలు చెప్పి, గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చోమన్నాడు. అమ్మ నా వైపు చూసి నవ్వింది. దిగేటప్పుడు నేను ఫోన్లో చదివింది చెప్పా. షాపుల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు ఇస్తూ కేరళలో 2018లో చట్టం మార్చారని, 2021లో తమిళనాడు కూడా మార్చిందని. అమ్మ రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ విన్నది.

"అయితే ఆ గూగుల్ల చూడు," అంది, "కేరళల చీరల షాపులేమన్న ఖాళీలున్నయేమో."