జేబులో మిగిలిపోయిన టైమౌట్

బళ్లారి ఎండల్లో పుట్టి పెరిగి, ముప్పై మూడేళ్లు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన నాకు, డెబ్బయ్యవ పడిలో అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టిందంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. "సార్‌కు అక్కడి చలి తలకెక్కినట్టుంది" అన్నారు. వాళ్లన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు.

2024 సెప్టెంబరులో నేనూ మా ఆవిడా చికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉన్న మా అబ్బాయింటికి వెళ్లాం. దిగిన మొదటి ఆదివారమే మా మనవడు ముదురు నీలం, నారింజ రంగుల చొక్కా వేసుకొచ్చి నా పక్కన సోఫాలో కూర్చున్నాడు. వీపు మీద 18 అంకె ఉంది. "తాతా, ఈ రోజు బేర్స్ ఆట. నువ్వు కూడా చూడాలి" అన్నాడు. బేర్స్ అంటే ఎలుగుబంట్లు. చూశాను. బలిసిన మనుషులు ఇనుప టోపీలు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడుతున్నారు, లేస్తున్నారు, మళ్లీ పడుతున్నారు. "ఇందులో ఫుట్టూ లేదు, బాలూ లేదు" అన్నాను. బంతి కూడా గుండ్రంగా లేదు, పీచు తీయని చిన్న కొబ్బరికాయలా ఉంది.

వాడు ఓపిగ్గా చెప్పాడు. ఒక్కొక్క జట్టులో 11 మంది. బంతి చేతికొచ్చిన జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మరో నాలుగు, పోకపోతే బంతి అవతలివాళ్లది. గంట ఆటను నాలుగు భాగాలు చేస్తారు. బంతిని ఎవరికివ్వాలి, ఎటు విసరాలి అని ఆ క్షణంలో తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని ముందు ఐదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు. గోడ నిలిస్తే అతనికి రెండు మూడు సెకన్లు దొరుకుతాయి. గోడ కూలితే అవతలివాళ్లు వచ్చి అతన్ని బంతితో సహా నేలకేసి కొడతారు. దాన్ని సాక్ అంటారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. క్వార్టర్‌బ్యాక్ టోపీలో చిన్న స్పీకరు ఉంటుంది. ఏ ఎత్తు వేయాలో మైదానం పక్కనుంచి కోచ్ చెవిలో చెబుతాడు. ఎత్తుకూ ఎత్తుకూ మధ్య గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి ఆ గొంతు ఆగిపోతుంది. ఆపైన అంతా అతనిదే. పరీక్ష హాల్లో బెల్లు కొట్టాక మాస్టరు బయటికి వెళ్లిపోయినట్టు. లెక్కల మాస్టరును కాబట్టి అక్కడే నాకీ ఆట పట్టుబడింది.

బేర్స్ నిన్న మొన్నటి జట్టు కాదు. 1920లో మొదలై, 1921లో చికాగో చేరి, 1922 నుంచి ఆ పేరుతో ఆడుతోంది. జార్జి హాలస్ అనే పెద్దాయన దానికి ప్రాణం పోశాడు. 1986 జనవరిలో మైక్ డిట్కా కోచ్‌గా ఉండగా సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండును 46-10తో చిత్తు చేసింది. ఇప్పటికీ చికాగోలో పెద్దవాళ్లు ఆ జట్టు గురించి, మనవాళ్లు 1983 ప్రపంచ కప్పు గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. ఆ తర్వాత సూపర్ బౌల్ గెలిచింది లేదు.

ఆ ఊరి అసలు దిగులు క్వార్టర్‌బ్యాక్ గురించి. 2017లో ట్రుబిస్కీ అనే కుర్రాణ్ణి రెండో స్థానంలో ఏరి తెచ్చుకున్నారు. అదే ఏడు పదో స్థానంలో మిగిలిన పాట్రిక్ మహోమ్స్‌ను కాన్సాస్ సిటీ ఎత్తుకుపోయి కప్పుల మీద కప్పులు గెలుచుకుంది. 2021లో జస్టిన్ ఫీల్డ్స్ వచ్చాడు, 2024లో అతన్నీ పంపించేశారు. అదే ఏడు మొత్తం దేశంలో మొట్టమొదటి ఎంపికగా కేలెబ్ విలియమ్స్ వచ్చాడు. మా మనవడి వీపు మీద అంకె అతనిదే. అప్పటికి 22 ఏళ్లు. కాలేజీలో ఉండగానే 2022లో హైస్మన్ ట్రోఫీ గెలిచినవాడు. ఊరంతా అతని నెత్తిన ఆశలు పెట్టింది. ఆశలకు కూడా బరువుంటుందని పెట్టేవాళ్లకు తెలియదు.

మొదట బాగానే నడిచింది. ఆరు ఆటల్లో నాలుగు గెలిచారు. అక్టోబరు 27న వాషింగ్టనులో ఆఖరి ఎత్తుకు ముందు బేర్స్‌దే పైచేయి. గడియారంలో సెకన్లు అయిపోయాక అవతలి కుర్రాడు జేడెన్ డేనియల్స్ దేవుడి మీద భారం వేసి బంతిని ఆకాశంలోకి విసిరాడు. అది పదిమంది చేతులకు తగిలి, వెనకాల ఒంటరిగా నిలబడ్డ వాళ్ల మనిషి చేతుల్లో పడింది. 18-15. మా మనవడు టీవీ కట్టేసి మేడ మీదికి పోయాడు. అన్నానికి కూడా దిగిరాలేదు.

అక్కడి నుంచి వరసగా పది ఓటములు. నవంబరు 10న న్యూ ఇంగ్లండు మీద 19-3తో ఓడిన రోజున కేలెబ్‌ను తొమ్మిదిసార్లు నేలకేసి కొట్టారు. రెండు రోజులకు ఎత్తులు చెప్పే కోచ్ షేన్ వాల్డ్రన్‌ను తీసేసి థామస్ బ్రౌన్‌ను పెట్టారు. మరుసటి ఆదివారం గ్రీన్ బేతో ఆఖరి తన్ను అడ్డుకోబడి 20-19తో పోయింది.

ఆదివారం సాయంత్రాలు మా ఇంట్లో వాదనలు మొదలయ్యాయి. మా అబ్బాయి తప్పంతా కుర్రాడిదే అనేవాడు. "బంతి చేతిలో పెట్టుకుని అంతసేపు నిలబడితే కొట్టక ఏం చేస్తారు నాయనా? విసిరేయాల గదా!" అనేవాడు. అది పూర్తిగా అబద్ధం కాదు. కేలెబ్‌కు ఆ అలవాటు ఉంది. ప్రతి ఎత్తులోనూ ఏదో అద్భుతం చేయాలని చూస్తాడు. కానీ ఆ ఏడాది మొత్తం మీద అతన్ని 68 సార్లు పడగొట్టారు. క్లాసులో ఒకడు తప్పితే వాడిది తప్పు. లెక్క నేర్పినవాళ్లు, పక్కన నిలబడ్డవాళ్లు అందరూ తడబడుతుంటే తప్పు ఒక్కడిదే ఎలా అవుతుంది? పడిన ప్రతిసారీ ఆ కుర్రాడు లేచి నిలబడ్డాడు. నేను చూసింది అది.

నవంబరు 28న థాంక్స్‌గివింగ్ పండగ. ఆ రోజు డెట్రాయిట్ జట్టు ఆడటం అక్కడి ఆనవాయితీ. బేర్స్‌తోనే ఆట. కోడలు ఉదయాన్నే పులిహోర కలిపింది. మా ఆవిడ ఓళిగలు చేసింది. సగం ఆటకు డెట్రాయిట్ 16, బేర్స్ సున్న. తర్వాత ఏం ఆవహించిందో, కేలెబ్ మూడు టచ్‌డౌన్లు విసిరాడు. 23-20 దాకా వచ్చింది. ఆఖరి నిమిషంలో బంతి బేర్స్‌దే. ఒక్క తన్నుతో 3 పాయింట్లు తెచ్చుకుంటే సమానం. అంతలో గోడ కూలింది, కేలెబ్‌ను పడగొట్టారు. గడియారంలో ఇంకా అర నిమిషం పైచిలుకు ఉంది. కోచ్ మాట్ ఎబర్‌ఫ్లూస్ చేతిలో ఒక టైమౌట్ ఉంది. అడిగితే చాలు, గడియారం ఆగుతుంది. కుర్రాణ్ణి దగ్గరికి పిలిచి ఏం చేయాలో చెప్పొచ్చు.

ఆయన అడగలేదు. సెకన్లు జారిపోతున్నాయి. కుర్రాళ్లు లేచి, సర్దుకుని, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, బంతి కదిలేసరికి ఆరు సెకన్లే మిగిలాయి. కేలెబ్ దూరంగా విసిరాడు. అందలేదు. ఆట అయిపోయింది. టైమౌట్ అట్లాగే మిగిలిపోయింది.

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. కొంతసేపటికి మా అబ్బాయి టీవీ వైపే చూస్తూ, ఎప్పుడూ కుర్రాణ్ణి తిట్టేవాడు, "పిల్లోడికి దిక్కు తోచలేదు. పక్కనుండే పెద్దోళ్లు చూస్తా నిలబడితే వాడేం చేస్తాడు?" అన్నాడు.

వాడు ఆట గురించే అన్నాడు. నాకు మాత్రం 1994 గుర్తుకొచ్చింది.

ఆ ఏడు వాడు బెంగుళూరులో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. అక్టోబరులో ఇన్‌లాండ్ లెటర్ రాశాడు. "నాయనా, మెకానిక్స్ ఏమీ అర్థం కాలేదు. అందరికీ వస్తాంది, నాకే రాలేదు. నువ్వొకసారి వచ్చిపోతావా?" అని. రాత్రి బండెక్కితే తెల్లవారేసరికి బెంగుళూరు. రెండు రోజులు పక్కన కూర్చుని చెప్పుంటే వాడికి వచ్చేది, ఎందుకంటే అది లెక్కే. ఊళ్లో పిల్లలందరికీ చెప్పేవాణ్ణే కదా! నేను వెళ్లలేదు. పోస్టు కార్డు మీద "అందరికీ వచ్చేది నీకెందుకు రాదు? శ్రద్ధ పెట్టు" అని రాసి డబ్బాలో వేశాను. గట్టిపడతాడులే అనుకున్నాను. వాడు ఆ సెమిస్టరులో రెండు పేపర్లు తప్పాడు. తర్వాత ఎవరో సీనియర్ కుర్రాడు చెప్పి గట్టెక్కించాడు.

డిసెంబరు 31న స్కూల్లో సెలవుల పుస్తకం చూసుకుంటే నా ఖాతాలో తొమ్మిది క్యాజువల్ లీవులు మిగిలి ఉన్నాయి. మరునాటికి అవి దేనికీ పనికిరావు. ఆ తొమ్మిది అంకె నేను మరచిపోలేదు. ఎవరికీ చెప్పనూ లేదు.

ఆ రాత్రి మా అబ్బాయి గిన్నెలు సర్దుతుంటే వంటింట్లోకి వెళ్లి చెప్పాను. ముప్పై ఏళ్ల తర్వాత. వాడు చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "తెలుసు నాయనా. అప్పుడే అమ్మ చెప్పింది" అన్నాడు. కాసేపాగి, "వస్తావని రెండు ఆదివారాలు స్టేషనుకు పోయినా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నాకూ అనడానికి ఏమీ దొరకలేదు. ఇద్దరం గిన్నెలు తుడిచి పెట్టాం.

మరునాడు శుక్రవారం ఎబర్‌ఫ్లూస్‌ను తీసేశారు. సీజను మధ్యలో ప్రధాన కోచ్‌ను తీసేయడం ఆ క్లబ్బు చరిత్రలోనే మొదటిసారి. ముందు రోజు ఆట కాగానే ఆయన తాము చేసింది సరైన పద్ధతేనన్న ధోరణిలో మాట్లాడాడు. మా మనవడు గంతులేశాడు. నాకు గంతేయబుద్ధి కాలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. ఏళ్ల తరబడి ఆటను చదివినవాడే. కుర్రాడే చూసుకుంటాడని ఆ అర నిమిషం నమ్మి ఉంటాడు. నేనూ అట్లాగే నమ్మినవాణ్ణి కదా.

డిసెంబరులో మా మనవడికి ఆల్జీబ్రా పరీక్ష. మార్కులు బాగా లేవు. ఒక సాయంత్రం మా అబ్బాయి గొంతు మేడ దాకా వినిపించింది. "అందరికీ వచ్చేది నీకెందుకు రాదు?" అంటున్నాడు. నా పోస్టు కార్డు మాటే, అక్షరం పొల్లు పోకుండా! నేను గదిలోకి వెళ్లి, ఆటలో చూసినట్టు రెండు చేతులూ నిలువుగా అడ్డంగా పెట్టి "టైమౌట్" అన్నాను. తండ్రీ కొడుకులిద్దరూ నోరు తెరుచుకుని చూశారు. ముందు మా అబ్బాయి నవ్వాడు. నేను కుర్చీ లాక్కుని పిల్లవాడి పక్కన కూర్చున్నాను. మా అబ్బాయి వెళ్లిపోలేదు. రెండో పక్కన కూర్చున్నాడు. మెకానిక్స్ అంతా మరిచిపోయానంటూనే నాకంటే బాగా చెప్పాడు.

బేర్స్ ఆ ఏడు 17 ఆటల్లో ఐదే గెలిచారు. చివరి ఆటలో గ్రీన్ బేను 24-22తో ఓడించడం ఒక్కటే ఊరట. 2025 జనవరిలో డెట్రాయిట్ ఎత్తుల కోచ్ బెన్ జాన్సన్‌ను ప్రధాన కోచ్‌గా తెచ్చుకున్నారు. ఆయనతోపాటు గోడలోకి కొత్త మనుషులనూ తెచ్చారు. 2025 సీజనులో అదే కుర్రాడు, అదే చేతులు. జట్టు 11 ఆటలు గెలిచి తన విభాగంలో మొదటి స్థానంలో నిలిచింది. కేలెబ్ పడిన సాక్‌లు సగానికంటే తగ్గాయి. 2026 జనవరిలో ప్లేఆఫ్‌లో గ్రీన్ బేను ఓడించి, ఆ తర్వాతి ఆటలో రామ్స్ చేతిలో ఓడారు. కోచ్ మారితే చాలునని నేననను. కుర్రాడూ నేర్చుకున్నాడు, బంతిని వదలడం తెలుసుకున్నాడు. అయితే నేర్చుకునేవాడికి నిలబడటానికి రెండు మూడు సెకన్లు కావాలి. ఆ సెకన్లు సంపాదించి పెట్టవలసింది చుట్టూ ఉన్నవాళ్లు.

మేం బళ్లారికి తిరిగొచ్చేశాం. చలికాలంలో వాళ్లకు ఆదివారం మధ్యాహ్నం ఆటంటే మాకు రాత్రి పదకొండున్నర. మా ఆవిడ "ఈ వయసులో జాగరణలేంటి?" అని గొణుక్కుంటూనే ఫ్లాస్కులో పాలు పోసి పెడుతుంది. ఆట నడుస్తుండగా చికాగో నుంచి ఫోను వస్తుంది. మనవడు ఒక మాట, మా అబ్బాయి ఒక మాట. ఈ మధ్య ఒక రాత్రి ఆటలో విరామం వచ్చినప్పుడు మా అబ్బాయి, "నాయనా, పిల్లోడు ఇంకో ఏడాదికి కాలేజీకి పోతాడు. నాకు లీవులు చానా ఉండాయి" అన్నాడు.

"ఒక్కటి కూడా మిగిలించుకోవద్దురా" అన్నాను.