బొక్క పైసలు

మేం పాత నాణేలు జమ చేస్తున్నామంటే జనం నవ్వుతారు. 'మీకేం, నవాబుల బిడ్డలు, అష్రఫీలుంటాయి' అంటారు. మా డబ్బాలో ఉన్నవి పైలు, రెండు పైలు, అణాలు. అష్రఫీ కాదుగదా వెండి రూపాయి కూడా లేదు. మా ఇంట్లో ఎన్నడూ లేనిదాన్ని కొనుక్కొచ్చి తాతల ఆస్తి అని చూపించుకోవడం మాకిష్టం లేదు.

మొదటిది దాదీమా బటువాలో దొరికింది. నడుమ బొక్క ఉన్న రెండు పైల కంచు బిళ్ళ. అబ్బా చిన్నప్పుడు దాన్ని తాయెత్తుతో కలిపి నల్లదారానికి గుచ్చి మొలకు కట్టిందట. గొల్లోళ్ల ఇల్లయినా, సాలోళ్ల ఇల్లయినా, మా వాడలో బిడ్డ పుడితే బొక్క పైస మొలతాడుకు ఎక్కాల్సిందే.

దాన్ని బడికి తీసుకుపోయాం. 'మీ అక్షరాలే కదరా, చదువు' అన్నారు తోటి పిల్లలు. మాది తెలుగు మీడియం. ఒక్క ముక్క రాలేదు. అంకెలు మాత్రం మసీదులో మౌల్వీసాబు చూసి 1362 అన్నాడు. ఇంకేముంది, ఆరువందల ఏళ్ల నాటిదని వాడంతా చెప్పుకు తిరిగాం. అది హిజ్రీ అనీ, అంటే 1943 అనీ తెలిసేసరికి మా పరువు పోయింది.

ఆ అక్షరాలు దాదాకూ రావు. జట్కా తోలేవాడు. చీకట్లో వేలితో తడిమి, బొక్కుంటే రెండు పైలు, నాలుగు పలకలుంటే అణా అని లెక్క చెప్పేవాడట. నిజాం నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉండేవి. నోటు మా ఇంటికి ఎప్పుడోగానీ వచ్చేది కాదు. మాకొచ్చిన భాష మాకందని నోటు మీద, మాకు రాని భాష మా చేతిలోని పైస మీద! చార్మినార్ సంగతీ అంతే. అష్రఫీ మీద, రూపాయి మీద, బేడ దాకా వెండి బిళ్ళల మీద అది ఉండేది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో దాని ద్వారంలో మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఐన్, అంటే వాళ్ల పేర్లలో మొదటి అక్షరాలు. అణాకు దిగితే చార్మినార్ లేదు. మమ్మల్ని మాత్రం ఆ ద్వారంలోంచే వచ్చినట్టు చూస్తారు.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. దాదా బండి వదిలేసి ఎటో పోయాడు. ఒంటరిగా ఉన్న దాదీమా ఒక రాత్రి అబ్బా మొలతాడు విప్పి తాయెత్తు తెంపి బావిలో వేసింది. పైసను మాత్రం మళ్లీ కట్టింది. 'దాని మీద కూడా అవే అక్షరాలు కదా దాదీమా, భయం వేయలేదా?' అని అడిగాం. 'అది అందరి పిల్లలకూ ఉండె బేటా' అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు. దాదా చలికాలం పోయాక వచ్చాడు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ల లెక్కన రెండు రకాల పైసలూ కొన్నాళ్లు కలిసే తిరిగాయి. 1959లో హాలీ చెల్లకుండా పోయింది.

మేం జమ చేస్తున్నామని తెలిసి అమ్మీ ఆ పైసను చింతపండుతో తళతళా తోమి పెట్టింది. పాత నాణేన్ని తోమకూడదని అప్పటికి మాకూ తెలియదు. మసకతో పాటే ధర కూడా పోయిందన్నాడు చూసినాయన. పోతే పోనీ.

ఆ తర్వాత హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో తిరగడం మొదలుపెట్టాం. బొక్క పైసలున్నాయా అని అడిగితే అమ్మేవాడు మా టోపీల వైపు చూసి 'ముస్లిం పైసలా?' అన్నాడు. హాలీ పైసలు అన్నాం. తుప్పు తాళాల కింద నుంచి గుప్పెడు తీసి గోనె మీద పోశాడు. పొద్దు వాలేదాకా ఏరుతూనే ఉన్నాం. ఒకదానికి నల్లదారం ముక్క ఇంకా అంటుకునే ఉంది.