రాజమహేంద్రవరమున మా అమ్మగారి యిల్లు

మొన్న మాఘమాసమున నేనొంటరిగా ఏలూరునుండి రాజమహేంద్రవరమునకు పోయివచ్చితిని. తీర్థమునకు గాదు. మా అమ్మ నాకు విడిచిపోయిన పెంకుటింటిని అమ్ముటయా, అద్దెకే యుంచుటయా తేల్చుకొనుటకు. “సంతకము నీది, కావున నిర్ణయమును నీదే” యని మావారు పాఠశాలకు వెడలిపోయిరి. వారనినది నిజమే. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టముచే తల్లివలన సంక్రమించిన యాస్తిపై స్త్రీకి సంపూర్ణాధికారము కలదు. అధికారము వచ్చినంత సులువుగా నిశ్చయము రాదుగదా!

కొవ్వూరు దాటి బండి కమాను వంతెన నెక్కగానే పెట్టెలోనివారు కిటికీలకు చేరి గోదావరిలోనికి నాణెములు విసరిరి. ప్రక్కనే 1900లో తెరచిన హేవలాకు వంతెన కానవచ్చెను. 1997నుండి దానిపై బండ్లు నడువవు. చిన్ననాట అమ్మ యొడిలో కూర్చుండి దానిమీదనే నదిని దాటెడిదానను.

గోదావరి స్టేషనున దిగి ఆటోలో ఇన్నీసుపేట చేరితిని. గుమ్మమున ముగ్గు చూడగనే, అమ్మ లోపల నున్నదేమో యని క్షణకాలము భ్రమ కలిగెను. ముగ్గు పెట్టినది అద్దెకున్న పిన్నిగారు. పదునాలుగేండ్లుగా ఆమె అప్పడములు చేసి యమ్ముకొనుచు అక్కడనే కాపురమున్నారు. 2015 పుష్కరములలో మా చుట్టములు ముప్పదిమంది దిగినపుడు అమ్మతో గలసి వండి వడ్డించినదియు ఈమెయే.

మేస్త్రి నిచ్చెన వేసికొని దూలమును సుత్తితో తట్టగా చెదపొడి నా తలపై రాలెను. బాగుచేయుటకు మూడు లక్షలనెను. అద్దె నెలకు 7,000 రూపాయలు. నూతిగట్టుమీద కూర్చుండి లెక్క వేసితిని: దాదాపు 43 నెలల అద్దె! మేము ఏలూరున రెండు గదులకు 9,000 చెల్లించుచున్నాము. ఇక్కడ యజమానురాలను, అక్కడ అద్దెకుండుదానను. నిరుడు మా యింటివారు “వేసవికి ఖాళీ చేయుడు” అన్ననాడు నేనెంత యేడ్చితినో నాకే యెఱుక.

వీరేశలింగం పంతులుగారి జన్మగృహమును ప్రభుత్వము భద్రపఱచినది. మా యింట యుగకర్త లెవ్వరును పుట్టలేదు. దూలమును మేమే మార్చుకొనవలెను. అమ్మినచో లాభముపై ఆదాయపుపన్ను కలదు. కాని రెండేండ్లలోపల ఆ లాభముతో మనదేశమున వేరొక యిల్లు కొన్నచో ఆ పన్ను తప్పును. ఏలూరున చిన్నయిల్లు కొనవచ్చును. అమ్మాయి చదువు మధ్యలో ఊరంతయు ఇండ్లు వెదకుట తప్పును. అమ్మెదనని నిశ్చయించితిని.

కొనువారికంటె ముందు పిన్నిగారికే చెప్పవలెననిపించినది. మనుమని పరీక్షలు ముగిసి జూను వచ్చువఱకు ఎవరును కదలింపరాదని కాగితమున వ్రాయించెదననియు, అడ్వాన్సు సొమ్ము ముందే యిచ్చెదననియు చెప్పితిని. ఆమె అప్పడములు ఎండలో త్రిప్పుచు చాలసేపు మాటాడలేదు.

“మీ అమ్మగారైతే అమ్మేవారు కాదమ్మా” అనిరి తుదకు.

నాకు బదులు తోచలేదు. వచ్చునపుడు అప్పడముల కట్ట నా సంచిలో పెట్టిరి. డబ్బు పుచ్చుకొనలేదు.