రాత్రికి ఏం గింజ?

పొద్దుగూకే వేళ నిజామాబాద్ గల్లీల్లో, బోధన్ వాడల్లో ఇంటింటా వినపడే ప్రశ్న ఒకటే: "ఇయ్యాల రాత్రికి ఏం కూర?" అన్నం ఎలాగూ ఉంటుంది, అది అడగక్కర్లేదు. దాని పక్కన ఏముంటుందన్నదే ఆరా. శనివారం నాడో, శ్రావణంలోనో, కార్తీకంలోనో ఆ ప్రశ్న మరింత బరువెక్కుతుంది. నీసు ముట్టని ఇళ్లలోనైతే ఏడాది పొడుగునా అంతే బరువు. వంకాయ నిన్న అయింది, ఆలుగడ్డ మొన్న అయింది, గోకరకాయ పిల్లలు తినరు, ఇంక చారు పెట్టి అప్పడాలు కాలుద్దాం అన్నచోట చర్చ ముగుస్తుంది. రాత్రి పడుకునేసరికి మళ్లీ ఆకలి. ఆ నింద కూరగాయల మీద పడుతుంది: ఎంత తిన్నా కడుపులో నిలవదు, తీరొక్కటి ఉండదు అని.

ఆ నింద న్యాయం కాదు. కూరలు రోజూ మారుతూనే ఉన్నాయి, వాటి కింది గింజే మారడం లేదు. పళ్లెంలో ముప్పాతిక వంతు పాలిష్ పట్టిన తెల్లన్నమే ఉన్నప్పుడు పక్కన బెండకాయ ఉన్నా బీరకాయ ఉన్నా కడుపుకు తెలిసేది దాదాపు ఒకే భోజనం. పప్పు కూడా అన్నాన్ని తడపడానికే అన్నట్టు పలచబడిపోయింది. రాత్రి భోజనం రోజుకో తీరుగా ఉండాలన్నా, పొద్దున దాకా నిలవాలన్నా మొదట అడగవలసింది ఏం గింజ అని, ఆ తర్వాత ఏం పప్పు అని. కూర సంగతి చివర్న చూసుకోవచ్చు.

ఒకే గింజ ఇంతగా పాతుకుపోవడానికి ఈ ప్రాంతంలో ఒక కథ ఉంది. మంజీర మీద అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య నిజాంసాగర్ కట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది.  సుమారు 2.75 లక్షల ఎకరాల కోసం ఆ కట్ట నుంచి తీసిన కాలువ వెంబడి బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు నల్లరేగడి చేలు మడులయ్యాయి. కోస్తా జిల్లాల నుంచి వరి తెలిసిన రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. ఆ ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చెరకూ వరీ కలిసి జొన్న చేలను పక్కకు నెట్టాయి. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు తగ్గిన చోట ఎక్కువగా వరే పరుచుకుంది. పండుగకే వరన్నం వండుకున్న ఇళ్లకు ఆ కాలువ రోజూ అన్నం పెట్టింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు చేతకాదు. అయితే అన్నం వచ్చిన ఆనందంలో జొన్న బీదరికానికి గుర్తుగా మిగిలిపోయింది. ఇంటికి చుట్టమొస్తే రొట్టె పెట్టడానికి మొహమాటపడే రోజులొచ్చాయి. ఇప్పుడు మళ్లీ డాక్టరు షుగర్ అన్నాకే జొన్న కొంటున్నారు. ఆకలిని ఎరిగిన గింజ ఇలా మందుల చీటీ దారిన వంటింట్లోకి తిరిగి రావడం నాకు నచ్చదు. అది రుచి కోసం రావాలి, కడుపు నిండుగా తినడం కోసం రావాలి.

జొన్నరొట్టె కష్టమనుకునేవాళ్లకు ఒక్క మాట. జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే జిగురు ఉండదు. అందుకే చన్నీళ్లు పోసి కలిపితే విరిగిపోతుంది. నీళ్లు మరిగించి పిండిలో పోసి, గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చుకోగలిగాక అరచేతి మడమతో గట్టిగా మర్దించాలి. గిర్నీలో పట్టించిన పిండి కొత్తదై ఉండాలి, నెల దాటితే అంచులు పగులుతాయి. పీట మీద పొడిపిండి చల్లి చేత్తో తట్టి, పెనం మీద వేశాక పై ముఖాన తడి గుడ్డ రాయాలి. మొదటి నాలుగు రొట్టెలు ఏ దేశపటంలా వచ్చినా ఫర్వాలేదు, రుచి ఒకటే.

ఆ రొట్టెకు ఈ సరిహద్దులో పుట్టిన జోడు పిట్ల. బోధన్ నుంచి బిలోలి వైపు, మద్నూర్ నుంచి దెగ్లూర్ వైపు నాలుగడుగులేస్తే మహారాష్ట్ర. అటు ఆడబిడ్డనిచ్చి ఇటు కోడల్ని తెచ్చుకున్న ఇళ్లలో పిట్ల రెండు భాషల్లోనూ ఉడుకుతుంది. ఇంట్లో ఒక్క కూరగాయ లేని రోజున కూడా పావుగంటలో అయ్యే వంట ఇది. గ్లాసు శనగపిండిని రెండున్నర గ్లాసుల నీళ్లలో ఉండల్లేకుండా కలిపి పెట్టుకోవాలి. నూనెలో ఆవాలు, జీలకర్ర, దంచిన ఎల్లిగడ్డ, నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ ముక్కలు వేగాక పసుపు పడాలి. ఆ పసుపు ఎక్కడిదో ఈ జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆర్మూర్, బాల్కొండ చేల నుంచి నిజామాబాద్ మార్కెట్ యార్డుకొచ్చే కొమ్ముల కోసమే 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ఈ ఊళ్లో తెరిచారు. తర్వాత పిండి నీళ్లు పోసి, చిన్న మంట మీద గరిటె ఆపకుండా తిప్పుతూ, పచ్చివాసన పోయి గరిటె జారుగా అయ్యేదాకా ఉంచాలి. మీద కొత్తిమీర. రెండు రొట్టెలు, పెద్ద గరిటెడు పిట్ల, ఒక ఉల్లిగడ్డ, గ్లాసు చల్ల ఉంటే పొద్దున లేచేదాకా ఆకలి మాట రాదు.

ఎందుకు నిలుస్తుందో లెక్క కూడా ఉంది. నూరు గ్రాముల జొన్నల్లో పీచు పది గ్రాముల దాకా ఉంటుంది, తెల్లబియ్యంలో మూడుకు మించదు. పీచు ఉన్న గింజ మెల్లగా అరుగుతుంది. పైగా గింజల్లో లైసిన్ అనే మాంసకృత్తు భాగం తక్కువ, పప్పుల్లో అది దండిగా ఉంది. పప్పుల్లో తక్కువైన మెథియోనిన్ గింజల్లో దొరుకుతుంది. రొట్టె, పిట్ల ఒకదాని లోటు ఒకటి పూడుస్తాయి.  హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పాళ్లు గుర్తుంచుకోవడం తేలిక: మూడు పాళ్ల గింజకు ఒక పాలు పప్పు. మూడు గిద్దల బియ్యం వండిన రోజున గిద్దెడు పప్పు ఉడికిందా అని ఎవరి వంటింట్లో వాళ్లు చూసుకుంటే తెలిసిపోతుంది. చాలా ఇళ్లలో గుప్పెడు పప్పే నలుగురికి చారవుతోంది.

పప్పంటే కందిపప్పొక్కటే కాదు. బబ్బెర్లు పొద్దున నానేసి వెళ్తే సాయంత్రానికి సిద్ధం. ఉల్లిగడ్డ, అల్లం, కొంచెం చింతపులుసు వేసి కూరలా వండితే అన్నంలోకీ రొట్టెలోకీ పనికొస్తాయి. చలికాలం పచ్చి అనపగింజలు వచ్చినన్ని రోజులు వాటికి మించిన కూర లేదు, నువ్వుల పొడి చల్లి దించితే మరీను. వానలు పడగానే చేనుగట్ల మీద గంగవాయిలు కూర పరుచుకుంటుంది, ఎండాకాలం చింతచిగురు వస్తుంది. పుంటికూర దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఈ మూడూ పులుపు ఆకులే గానీ పెసరపప్పుతో ఒక రుచి, శనగపప్పుతో ఇంకో రుచి. ఆకు మారకుండా పప్పు మార్చినా ఆ రాత్రి కొత్త వంటే. గరిటెతో తీస్తే కుప్పగా నిలిచే చిక్కదనంలో వండాలన్నదొక్కటే నా పట్టు.

నిజామాబాద్ పాతబస్తీ ముస్లిం ఇళ్లలో కిచిడీ, ఖట్టా పొద్దుటి తిండి. దాన్ని రాత్రికి తెచ్చుకుంటే ఎంత హాయో చేసి చూడాలి. బియ్యం, మసూర్ పప్పు, పసుపు, వేయించిన ఉల్లిగడ్డ, నాలుగు లవంగాలు వేసి కుక్కర్లో పొడిపొడిగా వండితే కిచిడీ. నువ్వులు, పల్లీలు వేయించి నూరి చింతపండు పులుసులో కలిపి పోపు పెడితే ఖట్టా. మన పచ్చిపులుసుకు అది దగ్గరి చుట్టమే. రెండిట్లోనూ ఉల్లిగడ్డ పచ్చిగా నలిపి వేస్తారు. కిచిడీలో పప్పు పాలు పెంచుకోవడం సులువు, ఎవరికీ తెలియకుండానే పెరుగుతుంది. ఇది తిన్నవాళ్లు కూర లేదన్న సంగతే మరిచిపోతారు.

ఆర్మూర్ పక్కన అంకాపూర్ రోడ్డు మీద ఆగి కాల్చిన మక్క కంకులు తినని వాళ్లు ఈ జిల్లాలో అరుదు. ఆ మక్కలే రవ్వగా విసిరించుకుంటే గటక. ఎసరు మరిగాక రవ్వ పోసి, ఉప్పేసి, చిక్కబడేదాకా తిప్పి మూతపెడితే చాలు. వేడి గటకలో చల్ల పోసుకుని ఎల్లిగడ్డ కారం నంజుకోవడం వానాకాలపు రాత్రికి తగిన తిండి. సర్వప్పను పిల్లల సాయంత్రపు చిరుతిండిగా చూస్తారు గానీ, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు బియ్యప్పిండిలో కలిపి సర్వ అడుగున మందంగా ఒత్తి, చిన్న మంట మీద కాల్చిన ఆ రొట్టె గిన్నెడు పెరుగుతో పూర్తి భోజనం.

బోధన్, జుక్కల్ వైపు నల్లరేగళ్లలో సోయా పండుతుంది. పండించిన రైతు ఇంట్లోకి గుప్పెడు కూడా రాదు, అంతా నూనె మిల్లులకే. మన నేల గింజ నూనె తీయించుకుని, పిప్పి మీల్ మేకర్‌గా మారి, ప్యాకెట్‌లో మళ్లీ మన కిరాణా కొట్టుకే వస్తుంది. అయినా కొనదగిన సరుకే, బరువులో సగం దాకా మాంసకృత్తే. ఉప్పు వేసిన వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, మళ్లీ కొత్త నీళ్లలో ఒకసారి కడిగి పిండితే ఆ వాసన పోతుంది. అప్పుడు ఆలుగడ్డ, టమాటతో కూర వండాలి. నీసు లేదని ముఖం ముడిచే పిల్లలున్న ఇంట్లో శనివారం గట్టెక్కించేది ఇదే.

రేషన్ దుకాణంలో 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి ఆరు కిలోలు. దొడ్డుబియ్యం అమ్ముకుని సన్నాలు కొనుక్కున్న ఇళ్లకు అది పెద్ద ఊరట. అందులో ఒక్క కిలో జొన్నలుగా ఇవ్వమని నేను అడుగుతాను. పక్కనున్న కర్ణాటకలో రేషన్ మీద జొన్నలూ రాగులూ ఇచ్చిన అనుభవం ఉంది. ఇక్కడ ఆర్మూర్ చేలల్లో ఎర్రజొన్న విరివిగా పండుతుంది, కానీ అది ఉత్తరాది పశువుల మేతకు విత్తనంగా వెళ్లేది. తినే జొన్నకూ అలా కొనేవాడుంటే వేసే రైతు ఉంటాడు.

ఈ వంటలన్నీ ఎవరు వండాలన్నది అసలు చిక్కు. ఈ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఇంటింటా ఉన్నారు. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, కార్ఖానాలో లెక్క అప్పజెప్పి వచ్చాక పొయ్యి ముట్టించేది వాళ్లే. వాళ్లకు మూడు కూరల భోజనం గురించి చెప్పడం దయలేని పని. అందుకే ఒక గింజ, ఒక చిక్కటి పప్పు, ఒక పొడి అంటున్నాను. పల్లికారం, నువ్వుల పొడి ఆదివారం దంచి సీసాల్లో పెడితే వారమంతా ఆదుకుంటాయి. గింజ నానేయడానికి ఏ చెయ్యైనా ఒకటే, మగవాళ్లూ పిల్లలూ ఆ పని చేయొచ్చు.

ఇంకొకటి. వండిన ఆడమనిషి అందరికీ వడ్డించి తాను కూర్చునేసరికి గిన్నెలో పప్పు తేటే మిగులుతోంది. కడుపు నింపే వంటన్నది చివర తిన్నవాళ్ల కడుపును బట్టే తేలుతుంది. ఆ సంగతి ఈ జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మగవాళ్లకు తెలుసు. అక్కడ ఏడెనిమిది మంది ఒక గదిలో ఉంటూ వంతులవారీగా వండుకుంటారు. ఊరి నుంచి తెచ్చుకున్న కారం, పసుపుతో పప్పో, పచ్చిపులుసో చేసుకుంటారు. రాత్రి డ్యూటీ దిగి వచ్చేవాడి వంతు ముందే తీసి మూతపెట్టాకే మిగతావాళ్లు పళ్లేలు ముందేసుకుంటారు. సెలవు మీద ఇంటికొచ్చిన రెండు నెలలూ వండినామె వంతు అలా ముందే తీసి మూతపెట్టే పని వాళ్లు ఇక్కడా చేయవచ్చు.