చేతులకు తోట తెలుసు, లెక్కే దాచిపెట్టారు (మా వాడ ముచ్చట్లు – 17)

పోయిన వారం హాస్టల్ రోజుల గురించి రాస్తే ఒక చెల్లెలు అడిగింది: "అన్నా, యూనివర్సిటీలో అంత కొట్లాడినోడివి, ఇప్పుడు ఊళ్లో కూరగాయలు పెట్టడం నేర్పుతున్నావు. ఇది ఉద్యమం ఎట్లయితది?"

మంచి ప్రశ్న. నాకు జవాబు దొరకడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో ఒక పంట పోయింది. పోయింది నా పంట కాదు, నన్ను నమ్మినవాళ్ల పంట. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

మాది చేవెళ్ల వైపు. ఎర్ర చెలకలు, అక్కడక్కడ నల్లరేగడి. టమాట, క్యారెట్, కొత్తిమీర, పాలకూర ఇక్కడి నుంచి రాత్రికి రాత్రి పట్నం పోతాయి. ఆ తోటల్లో నారు పెట్టేది, కలుపు తీసేది, తెంపేది, కట్టలు కట్టేది ఎక్కువగా మన ఆడవాళ్లే. తోట మాత్రం మనది కాదు.

మొదటి ఏడు జూన్‌లో మా వాడ కమ్యూనిటీ హాల్లో శిక్షణ మొదలుపెట్టాను. 14 మంది వచ్చారు. తొమ్మిది మంది ఆడవాళ్లు, ఐదుగురు మగవాళ్లు. కొందరికి ఎప్పుడో పంచిన అసైన్డ్ భూమి అరెకరం, ఎకరం ఉంది. కొందరు కౌలుకు తీసుకుందామని వచ్చారు. "మీలో రైతులు ఎంతమంది? చేతులెత్తండి" అన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. "టమాట నారు పోయడం ఎందరికి వచ్చు?" అన్నాను. 14 చేతులూ లేచాయి.

ముందు వరసలో ఒక అక్క కూర్చుంది. 22 ఏళ్లుగా ఇతరుల తోటల్లో పనిచేసింది. "కూలికి పోతం సారూ. రైతులమెట్లయితం?" అని నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట ఎంత బరువైనదో ఆ రోజు నాకు తెలియలేదు.

నేనేం చేశాను? కాలేజీలో నేర్చుకున్నది బోర్డు మీద రాశాను. నత్రజని, భాస్వరం, పొటాష్ రాశాను. 98 గుంతల ప్రోట్రేల్లో కొబ్బరి పొట్టు నింపి నారు పెంచడం చూపించాను. 16 వరసల టమాటకు ఒక వరస బంతి పెడితే కాయతొలిచే పురుగు గుడ్లు బంతి మీద పెడుతుందని, అందుకు బంతి నారు 40 రోజులది, టమాట నారు 25 రోజులది కావాలని చెప్పాను. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, పిడికెడు పుట్టమట్టితో జీవామృతం కలిపించాను. ఒక్కటీ తప్పు కాదు. సగం వాళ్లకు ముందే తెలుసు. మిగతా సగం రెండు రోజుల్లో నాకంటే బాగా చేశారు.

తర్వాత ఒక మాట చెప్పాను. "ఇప్పుడు టమాటకు మంచి రేటుంది, అందరం టమాట పెడదాం." 11 మంది ఒకే వారంలో నారు నాటారు.

తోటలు చూడముచ్చటగా వచ్చాయి. ఫోటోలు తీసి ఇక్కడే పెట్టాను, మీలో చాలామంది జై భీమ్‌లు కొట్టారు. కాత కూడా అందరికీ ఒకేసారి వచ్చింది. మాకే కాదు, మాలాగే రేటు చూసి పెట్టిన చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ వచ్చింది. 25 కిలోల పెట్టె 70 రూపాయలకు పడిపోయింది. ఆటో కిరాయి, హమాలీ, కమీషన్ పోగా ఒక రోజు తక్‌పట్టీలో మిగిలింది పెట్టెకు 22 రూపాయలు. తెంపిన కూలికి కూడా చాలదు. నాలుగో కోత నుంచి తెంపడం మానేశారు. పండిన టమాటలు చెట్టు మీదే పగిలిపోయాయి. మేకలు తిన్నాయి.

ఆ అక్క ఇంటికి పోవడానికి నాకు వారం పట్టింది. తిడుతుందనుకున్నాను. చాయ్ పెట్టి ఇచ్చింది. "తమ్మీ" అంది. అంతకుముందు దాకా నేను సారునే. "తోట ఎట్ల పెట్టాల్నో నువ్వు చెప్పినవ్. అది మాకు ఎరుకే. ఎంత పెట్టాలె, ఎప్పుడు పెట్టాలె, ఎవలకు అమ్మాలె, అది చెప్పలే. ఆ సంగతి పటేలుకు ఎరుక. 22 ఏండ్లు ఆయన తోటల ఉన్న. ఒక్కనాడు నా ముంగట లెక్క విప్పలే."

ఆ రాత్రి అమ్మ గుర్తొచ్చింది. అమ్మ వంకాయ తోటలో పనిచేసేది. కొమ్మ తల వాల్చిందంటే లోపల పురుగుందని ఆకు తిప్పి చూడకుండానే చెప్పేది. సాయంత్రం కొంగులో పుచ్చు వంకాయలు మూటగట్టుకొని వచ్చేది, పుచ్చు తీసి మాకు వండేది. ఏ చెట్టుకు ఏ జబ్బో తెలిసిన మనిషిని, ఈసారి ఏం పెడదామని ఎవరూ అడగలేదు. కులం భూమిని ఒక్కదాన్నే దూరం పెట్టలేదు. నిర్ణయాన్ని కూడా దూరం పెట్టింది. పని మన చేతికి వదిలి, లెక్క వాళ్ల జేబులో పెట్టుకుంది. నేను చదువుకొచ్చి ఏం చేశాను? ఏం పెట్టాలో నేనే నిర్ణయించి వాళ్లతో పెట్టించాను. పటేలు చేసిన పనే మంచి మనసుతో చేశాను.

రెండో ఏడు బోర్డు తీసేశాం. మొదటి వారం పొలానికి పోలేదు, మార్కెట్‌కు పోయాం. రాత్రి రెండు గంటలకు ఆటోలో వెళ్లి తెల్లారేదాకా నిలబడి చూశాం. ఏ సరుకు ముందు అమ్ముడవుతుంది? ఏది మిగులుతుంది? తూకంలో తరుగు పేరుతో ఎంత తీస్తున్నారు? తక్‌పట్టీ మీద రాసిందెంత, చేతిలో పెట్టిందెంత? వారం రోజులు ఎవరి నోట్‌బుక్ వాళ్లే రాశారు. చదువు రానివాళ్లకు పిల్లలు రాసిపెట్టారు. ఆ నోట్‌బుక్కే మా పాఠ్యపుస్తకం అయింది.

తర్వాత 20 గుంటలకు, అంటే అరెకరానికి, లెక్క వేశాం. డబ్బు ఎప్పుడు వస్తుందో అదే వరస. తోటకూర, మెంతి, పాలకూర నెల లోపే చేతికొస్తాయి. వాటిని ఒకేసారి చల్లకుండా వారానికి ఒక మడి చొప్పున చల్లాలి. బెండ, బీర 50 రోజులకు మొదటి కోతకొస్తాయి. వంగ, టమాట నాటిన రెండు నెలలు దాటాక వస్తాయి, కానీ ఎవరూ నాలుగు గుంటలకు మించి టమాట పెట్టకూడదని వాళ్లే తీర్మానం చేసుకున్నారు. గట్ల మీద మునగ, బొప్పాయి వేస్తే ఏడాది లోపు కాపు. జామ రెండు మూడేళ్లు ఆగాలి. ఇందులో కొత్తేమీ లేదు. ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు 20 సెంట్లలో ఏటీఎం మోడల్ అని వేసేదీ ఈ ఆలోచనే. మాకు కొత్తదల్లా ఆ లెక్క మేమే వేసుకోవడం.

రాబడి గొప్పగా ఏమీ లేదు. ఎవరూ లక్షాధికారి కాలేదు. కానీ ఒక పంట పడిపోతే ఇంకోటి నిలబెట్టింది. వడ్డీకి తెచ్చే అవసరం కొందరికి తగ్గింది. తన తోటలో కోతలున్న రోజు పటేలు కబురు పంపితే "ఇయ్యాల రాను" అని అక్క చెప్పింది. ఆ "రాను" అనే మాట విలువ ఏ ఆదాయ లెక్కలోనూ కనపడదు.

ఊళ్లో అమ్మకం ఇంకో పాఠం. అక్క గంపలో ఆకుకూర పెట్టుకొని ఊళ్లోకి పోతే కొందరు కట్ట మీద నీళ్లు చల్లి తీసుకున్నారు. పైసలు అరుగు మీద పడేశారు. అదే కూరను ఆమె పటేలు తోటలో కట్టలు కట్టినప్పుడు ఏ నీళ్లూ చల్లలేదు. నేను కేసు పెడదామన్నాను. అక్క ఒక్కటే అంది: "నీళ్లు చల్లుకోనీ తమ్మీ, కూర తాజాగుంటది. పైసలు మాత్రం చేతుల పెట్టాలె. కింద పడేస్తే కూర ఇయ్యను." రెండు వారాలు ఆ వీధిలో కూర అమ్మలేదు. మూడో వారం ఒక ముసలామె చేతిలో పెట్టింది. మిగతావాళ్లు అందరూ మారలేదు. నేను ఇప్పటికీ కేసు పెట్టాల్సిందే అనుకుంటా. ఆమె ఇప్పటికీ నవ్వుతుంది.

ఇప్పుడు కాగితాల సంగతి. ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం సబ్సిడీతో డ్రిప్ ఇచ్చే పథకం వచ్చింది. దానికి పాస్‌బుక్ కావాలి, నీళ్ల బోరు కావాలి. నీళ్లు లేని చెలకకు సబ్సిడీ పైపులు ఏం తాగిస్తాయి? 1999లో మొదలైన రైతుబజార్లు దళారీ లేకుండా అమ్ముకోవడానికే వచ్చాయి, కానీ గుర్తింపు కార్డు అడిగితే మళ్లీ భూమి కాగితం దగ్గరికే వస్తాం. కౌలుదారుల కోసం 2011లో చట్టం వచ్చింది, రుణ అర్హత కార్డులు అన్నారు. కార్డు మాటెత్తితే చాలు, భూమి పోతుందేమోనని యజమాని కౌలే రద్దు చేస్తానంటాడు. 2014 ఆగస్టు 15న దళితులకు మూడెకరాలన్నారు. మా వాడలో ఎందరో ఆ మూడెకరాల కోసం ఎదురుచూస్తూనే ముసలోళ్లయ్యారు. అసైన్డ్ భూమి అన్యాక్రాంతం కాకూడదని 1977లోనే చట్టం ఉంది. దాన్ని చదివి చెప్పేవాళ్లే లేరు.

తమ్ముళ్లు కొందరు అంటారు: "బాబాసాహెబ్ పల్లె వదలమన్నాడు కదా, నువ్వు మళ్లీ మట్టిలోకి తోస్తున్నావేంది?" నిజమే. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో పల్లెను పొగిడేవాళ్లను ఆయన గట్టిగా నిలదీశాడు. నేనూ పల్లెను పొగడను. కానీ అదే బాబాసాహెబ్ 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసం చదవండి. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేలదని, దానితోపాటు ఎంత పెట్టుబడి, ఎన్ని పనిముట్లు, ఎంత శ్రమ ఉన్నాయన్నదే అసలు లెక్క అని వాదించాడు. భూమి మీద అంతమంది పడి బతకడం కుదరదని, పరిశ్రమలు రావాలని కూడా అన్నాడు. ఆయన పోయిన తర్వాత దాదాసాహెబ్ గైక్వాడ్ 1964లో భూమి లేనివాళ్లకు భూమి కావాలని దేశమంతా సత్యాగ్రహం నడిపాడు. వదిలి పోగలిగినవాళ్లు పోవాలి. మీరు పోయారు, నేనూ పోయాను. మన అమ్మలు పోలేదు. ఈ పొద్దున కూడా ఎవరి తోటలోనో వంగి ఉన్నారు. వాళ్లు నిటారుగా నిలబడే దారి కూడా ఉద్యమమే. చెల్లె అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది.

మొన్న జూన్‌లో మూడో బ్యాచ్ మొదలైంది. ఈసారి పాఠం చెప్పింది అక్కే, నేను వెనక కూర్చున్నా. అలవాటుగా లేచి అడిగాను: "ఇక్కడ రైతులు ఎవరు?" అక్క చెయ్యెత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. నా వైపు తిరిగి అంది:

"దున్నేది నేనే, లెక్క రాసేది నేనే. పాస్‌బుక్ మీద పేరు మాత్రం మా ఆయనది. మా అందరిదీ గంతే. గా పాఠం ఎప్పుడు చెప్తవ్ తమ్మీ?"

నా దగ్గర జవాబు లేదు. మన ఇళ్లలో మగవాళ్లం ఆ లెక్కను మన జేబులోనే పెట్టుకున్నాం, నాతో సహా. మా ఎకరం పది గుంటలు కూడా నాన్న నుంచి నేరుగా నా పేరు మీదికే వచ్చింది, అమ్మ పేరు మధ్యలో ఎక్కడా లేదు. ఈ నెలలో ఆ కాగితం మార్పించే పని మొదలుపెట్టాను.

లా చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో పది రోజులు రండి. పారలు మేం పడతాం. మీరు పాస్‌బుక్కులు, పహాణీలు, కౌలు కాగితాలు చదివి పెట్టండి. తినడానికి జొన్నరొట్టె, మా పాలకూర పప్పు ఉంటాయి. అక్క వేసిన ప్రశ్నకు జవాబు కలిసి వెతుకుదాం.

వచ్చే ఆదివారం మళ్లీ కలుద్దాం. జై భీమ్.