మెటాడోర్ మీది జంగ్లా

తర్కా అనగానే మనవాళ్లకు ముందు జమీన్, మకాన్, బంగారం యాదికొస్తాయి. ఆ తర్వాత బ్యాంకులో ఉన్న పైసలు. వాకిట్లో నిలబడ్డ పాత బండి, దాని నెత్తి మీది తుప్పు పట్టిన జంగ్లా కూడా తర్కాలోకే వస్తాయని మాత్రం ఎవరూ అనుకోరు. మా ఇంట్లో విరాసత్ మాట ఆ జంగ్లా దగ్గరే మొదలైంది.

మోస్రాలో అబ్బా మెటాడోర్ అంటే చాలామందికి తెలుసు. జర్మనీ వాళ్ల నమూనాతో బజాజ్ టెంపో కంపెనీ చేసిన బండి అది. ఆ కంపెనీ పేరు 2005లో ఫోర్స్ మోటార్స్‌గా మారిపోయింది కానీ, మా ఊళ్లో అలాంటి బండి ఏది కనిపించినా ఇప్పటికీ మెటాడోరే. అబ్బా 1994లో దాన్ని సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు. బోధన్‌లో ఒక వెల్డింగ్ మిస్త్రీతో టాపు మీద జంగ్లా చేయించారు. రెండు పక్కలా పొడుగు పైపులు, మధ్యలో అడ్డకమ్ములు, వెనక ఎక్కడానికి చిన్న నిచ్చెన.

ఆ జంగ్లా మీద ఎక్కని సామాను లేదు. వర్ని మండలం జలాల్‌పూర్ దగ్గర బడాపహాడ్ గుట్ట మీద సయ్యద్ సాదుల్లా హుస్సేనీ దర్గా ఉంది కదా, అక్కడికి కందూరు చేయడానికి పోయే ఖాందాన్‌లకు మా బండే సవారీ. ముసల్మాన్లు ఎంతమందో హిందువులూ అంతమంది. దేగ్చాలు, కట్టెలు, బియ్యం సంచులు, చుట్టిన షత్రంజీలు పైన. మనుషులు, ఒక్కోసారి మేకలు కూడా, లోపల. వెనక సీట్లు తీసేస్తే రాత్రికి నలుగురు పిల్లలు పడుకునే ఇల్లు అయ్యేది ఆ బండి. (దర్గా విషయంలో మా ఇంట్లోనే రెండు రాయ్‌లు ఉన్నాయి. ఆ బహస్ ఇక్కడ వద్దు.)

అబ్బా ఇంతెఖాల్ అయ్యి చెహల్లుం గడిచాక బండి సంగతి ముందుకొచ్చింది. రావాల్సిందే. ఓనర్ చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టాలి. చాలా ఇళ్లలో ఈ సంగతి తెలియక మర్హూమ్‌ల పేరు మీదే బండ్లు ఏళ్లకేళ్లు తిరుగుతుంటాయి. ఏదైనా యాక్సిడెంట్ అయితే అప్పుడు మొదలవుతుంది ముసీబత్.

బండిని మిస్త్రీకి చూపించాం. ఆయన ఇంజిన్ గురించి ఫిక్ర్ చేయలేదు, టాపు ఎక్కాడు. జంగ్లాకు ఎనిమిది కాళ్లు, ఒక్కో కాలికి రెండు బోల్టులు. అంటే టాపు రేకుకు 16 రంధ్రాలు. రబ్బరు వాషర్లు ఎప్పుడో ఎండి పగిలాయి. వాన నీళ్లు బోల్టు వెంబడి దిగి, రేకుకూ లోపలి గుడ్డకూ నడుమ నిలుస్తున్నాయి. పైన రంగు బాగానే మెరుస్తోంది, రేకును మాత్రం కింది నుంచి తుప్పు తింటోంది. మూడు చోట్ల స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లోపలికి దిగిపోయింది.

ఆయన మూడు దారులు చెప్పాడు. ఒకటి, పైపైన సీలెంట్ పూయడం. ఒక వానాకాలం ఆగుతుంది, అంతే. రెండు, జంగ్లా విప్పేసి, పాడైన రేకు కోసి, కొత్త ముక్కలు అతికించి రంధ్రాలన్నీ మూసేయడం. మూడు, అదంతా చేశాక పక్కల నీటి అంచుకు క్లాంపులతో పట్టుకునే కొత్త కాళ్లు పెట్టి, జంగ్లాను రంధ్రాలు లేకుండా మళ్లీ కూర్చోబెట్టడం. రెండోదైనా మూడోదైనా పని మొదలుపెట్టే ముందు లోపలి గుడ్డ, స్పంజి మొత్తం ఊడదీయాలి, లేకుంటే వెల్డింగ్ నిప్పురవ్వకు అంటుకుంటాయి. పల్చటి రేకు కాబట్టి ఒకేచోట వేడి తగిలితే వంకర పోతుంది. చుక్కచుక్కగా, ఆగి ఆగి అతకాలి.

ఇక ఇంట్లో రాయ్‌లు మొదలయ్యాయి. బడే భాయ్ తీసేద్దామన్నాడు, సాఫ్ చేసి అమ్మేద్దామన్నాడు. ఆయన కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడు ఉంచమన్నాడు, పైన సోలార్ పలక బిగించి బండిని చక్రాల మీద ఇల్లుగా చేస్తానన్నాడు. ఇది వింటేజ్ బండి, ముట్టుకోవద్దని కూడా అన్నాడు. 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ అనాలంటే బండికి 50 ఏళ్లు నిండాలి, మనదానికి ఇంకా టైముందని చెప్పాను. పైగా అసలు రూపమే కావాలంటే ముందు పోవాల్సింది జంగ్లానే, కంపెనీ ఇచ్చిన బండి మీద అది లేదు కదా. బరువు మాట కూడా ఉంది. టాపు మీద ఎంత బరువు పెడితే మలుపుల్లో బండి అంత ఊగుతుంది. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, లోడు బండి పక్కలకో, ముందుకో వెనక్కో, హద్దు దాటి పైకో పొడుచుకొస్తే జుర్మానా 20,000 రూపాయలు. అబ్బా జమానాలా దేగ్చాల మీద దేగ్చాలు కట్టుకుని పోయే రోజులు కావు.

ఇంత బహస్ అయ్యేదాకా అమ్మీ మాట్లాడలేదు. చివరికి ఒక్క మాటే అంది. "పైలే బేటియోఁ కు పూఛో."

అందరం ఆగిపోయాం. అమ్మీ చెప్పింది మర్యాద కోసం కాదు, షరియత్ హిసాబ్. కఫన్ దఫన్ ఖర్చు, కర్జ్, వసీయత్ పోగా మిగిలిన దాంట్లో అమ్మీకి ఎనిమిదో వంతు. మిగతాది కొడుకుకు రెండు, బిడ్డకు ఒకటి చొప్పున. సూరా నిసా 11, 12 ఆయతుల్లో ఉన్న లెక్క ఇదే. మేం ఇద్దరు అన్నదమ్ములం, ఇద్దరు అక్కచెల్లెళ్లు. బండిని 48 భాగాలు చేస్తే అమ్మీవి 6, మాకు చెరో 14, వాళ్లకు చెరో 7. వాళ్ల ఇజాజత్ లేకుండా ఆ జంగ్లా మీద ఒక్క బోల్టు విప్పే హక్కు కూడా మాకు లేదు. ఆర్టీఏలో కూడా మిగతా వారసులకు అభ్యంతరం లేదని రాసిన కాగితం అడుగుతారు. కానీ ఆ సంతకాన్ని మనం ఒక రస్మ్‌లా పెట్టించుకుంటాం, రాయ్ అడగం.

ఆపాకు ఫోన్ చేశాం. ఉంచండి, అబ్బా నిషానీ అంది. ఛోటీ బాన్సువాడ నుంచి బస్సెక్కి వచ్చింది. అది కూడా అదే అంటుందని అందరూ అనుకున్నారు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చి కూర్చుంది.

"భాయీ, మీకు ఆ జంగ్లా చూస్తే బడాపహాడ్ యాదికొస్తది. నాకు నా అల్మారీ యాదికొస్తది. అల్మారీ, పల్లంగ్, వాషింగ్ మిషిన్, అన్నీ తాళ్లతో దాని మీదనే కట్టి పంపిన్రు. బజార్‌ల అందరు తలెత్తి చూసిన్రు. ఆ జహేజ్ కర్జ్ కట్టనీకి అబ్బాకు ఐదేండ్లు పట్టింది. ఆ ఐదేండ్లు నేను ఇంటికొచ్చినప్పుడల్లా బండి దిక్కు చూడకుండ లోపలికి పోయిన. తీసెయ్యుండ్రి."

ఎవరికీ జవాబు దొరకలేదు. కాసేపటికి బడే భాయ్ లేచి ఆపాకు మళ్లీ ఫోన్ కలిపి ఛోటీ చేతికిచ్చాడు. అక్కచెల్లెళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆపా కూడా ఒప్పుకుంది.

నా రాయ్ కూడా అటే తిరిగింది, ఛోటీ ఏడ్చిందని మాత్రం కాదు. జంగ్లాను కాపాడదామంటే టాపు పోతుంది, టాపు పోతే బండే ఉండదు. క్లాంపులతో మళ్లీ పెడితే జంగ్లా ఉంటుంది నిజమే, కానీ ఏం మోయడానికి? ఉంచడానికి కారణం లేని బరువును నిషానీ పేరుతో మోయడం అబ్బాకు కూడా నచ్చేది కాదు. ఆయన పనికొచ్చే వస్తువునే ఇజ్జత్ చేసే మనిషి.

బండి నేను ఉంచుకుంటానన్నాను. మిస్త్రీ తొంభై వేల నుంచి లక్ష దాకా పలుకుతుందన్నాడు. 48తో భాగించడానికి సులువని 96 వేలు ఖరారు చేశాం. అమ్మీకి 12 వేలు, భాయ్‌కి 28 వేలు, ఆపాకూ ఛోటీకీ చెరో 14 వేలు. ఆపా "నాకొద్దు, మాఫ్ చేసిన" అంది. అమ్మీ ఒప్పుకోలేదు. "ముందు చేతిల పెట్టు. ఆ తర్వాత దాని మర్జీ" అంది. పైసలు చేతికి రాకముందే మాఫ్ చేయించుకోవడం మన ఇళ్లలో ఎంత మామూలో మీకూ తెలుసు. అన్నదమ్ముల ముందు కూర్చుని, పుట్టిల్లు ఎక్కడ దూరమవుతుందో అన్న భయంతో చెప్పే మాఫీని మర్జీ అనలేం. ఆపా పైసలు లెక్కపెట్టుకుని పర్సులో పెట్టుకుంది. మళ్లీ మాఫ్ మాట ఎత్తలేదు.

జంగ్లా విప్పడానికి ఒక పూట పట్టింది. ఆరు బోల్టులు తిరగనే లేదు, కోయాల్సి వచ్చింది. టాపు పని ఇంకా నడుస్తోంది. బాగున్న రెండు పైపులు ఆపా అడిగి తీసుకుపోయింది, పెరట్లో చిక్కుడు పందిరికట.

మీ వాకిట్లో కూడా ఇలాంటిదేదో నిలబడే ఉంటుంది. పాత స్కూటరో, కుట్టు మిషనో, ఇంకేదైనా. ఉంచాలా తీసేయాలా అని కూర్చునే ముందు, అది ఎవరెవరిదో ఒక కాగితం మీద రాయండి. బిడ్డల పేర్లు కూడా రాయండి. ఆ తర్వాత వాళ్లను అడగండి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.