నలభై ఎనిమిది అంకెలు

2024 ఆగస్టులో ఒక సాయంత్రం మా శాలిబండలో కరెంటు పోయింది. అందులో వింతేమీ లేదు. ఆ సమయానికి నా లాప్‌టాప్ ఏదో అప్‌డేట్ వేసుకుంటోంది. దాని బాటరీ ఎప్పుడో పాడైంది. చార్జర్ తీగ ఊడితే రెండు నిమిషాలు కూడా నిలవదు. మార్పించాలి, మార్పించాలి అనుకుంటూనే ఏడాది గడిపేశాను. కరెంటు తిరిగి వచ్చాక తెర మీదికి విండోస్ రాలేదు. నీలం రంగు వచ్చింది, దాని మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు.

మర్నాడు ఆటోలో కోఠీ వైపు ఒక రిపేరు దుకాణానికి పట్టుకెళ్లాను. కౌంటర్ వెనక కుర్రాడు రెండు బటన్లు నొక్కి చూశాడు. "ఓఎస్ పోయింది మేడం. ఫార్మాట్ కొట్టాలి. మీ డేటా కావాలంటే మా హార్డ్‌డిస్క్‌లోకి తీసి పెడతాం. పాస్‌వర్డ్ ఈ చీటీ మీద రాసిచ్చి రేపు సాయంత్రం రండి" అన్నాడు. రోజుకు ఇరవై మందికి చెప్పే మాట అది. చీటీ అందుకున్నాను. మూడక్షరాలు రాశాక చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో పని గుర్తొచ్చిందని ఏదో అబద్ధం చెప్పి లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చేశాను.

అందులో ఏముందో చెప్పాలి కదా.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివి పెరిగిన తరం మాది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరకు టేప్‌రికార్డర్ పట్టుకెళ్లి కూర్చుంటే చరిత్ర ఎలా మారిపోతుందో ఆ పుస్తకం చూపించింది. ఆ ఉత్సాహంతోనే 2004 నుంచి రెండేళ్లపాటు నేను కూడా ఒక చిన్న పానాసోనిక్ టేప్‌రికార్డర్‌తో లాడ్ బజార్ వెనక గల్లీల్లో తిరిగాను. చార్మినార్ చూడటానికొచ్చిన వాళ్లకు లాడ్ బజార్ అంటే దీపాల కింద మెరిసే లక్క గాజులు. ఆ గాజులు మెరిసేది లోపలి గల్లీల్లో, ఒంటిగది ఇళ్లల్లో. కొలిమి దగ్గర లక్క కాచి, సాగదీసి, గుండ్రంగా చుట్టేది ఎక్కువగా మగవాళ్లు. రాళ్లు అద్దేది ఆడవాళ్లు. బొగ్గుల మీద రేకు, రేకు మీద గాజు. లక్క మెత్తబడిన ఆ కాస్త వ్యవధిలో ఒక్కొక్క రాయినీ వేలికొసతో కూర్చాలి. వంట అయ్యాక, పిల్లల్ని పంపాక, మళ్లీ వంటకి ముందు. కూలి డజన్ల లెక్కన. దాన్ని పని అని ఇంట్లో ఎవరూ అనరు, 'ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునేది' అంటారు.

పంతొమ్మిది మంది నాతో మాట్లాడారు. వాళ్లలో ఒకావిడ చాలాసేపు కూలి లెక్కలు చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, ఆ డబ్బులో కొంత ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఎక్కడ దాస్తోందో, ఎందుకు దాస్తోందో చెప్పింది. ఆ 'ఎందుకు' నేను ఇక్కడ కూడా రాయను. టేపు ఆగాక నా చెయ్యి పట్టుకుని "నామ్ నక్కో లిఖో అమ్మా" అంది. రాయనని మాటిచ్చాను.

ఆ టేపులన్నీ చేత్తో రాసుకున్నాను. ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు వేసే ప్రెస్సుల సందులో డీటీపీ చేసే ఒకమ్మాయి వాటిని అనూ ఫాంట్లలో టైపు చేసి ఇచ్చింది. ఆ రోజుల్లో మన పత్రికలూ పుస్తకాలూ ఇలాంటి అమ్మాయిల వేళ్ల మీదుగానే వచ్చాయి, ముందుమాటల్లో వాళ్ల పేర్లు కనబడేది తక్కువ. పుస్తకం మాత్రం రాలేదు. ఉద్యోగం, అత్తగారి పక్షవాతం, ఇంకా ఏవేవో. ఫైళ్లు సీడీ నుంచి ఒక కంప్యూటర్‌కి, దాన్నుంచి ఇంకోదానికి మారుతూ వచ్చాయి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి, వార్తలో రాళ్లద్దే ఆడవాళ్ల గురించి వెతుక్కుని, మళ్లీ ఆ ఫైళ్లు తెరిచాను. తెరిచిన కొన్ని నెలలకే ఈ నీలం తెర.

పక్కింటి అమ్మాయి కంప్యూటర్ డిప్లొమా చేస్తోంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పిల్ల. చూసి నవ్వింది. "ఫికర్ నక్కో ఆంటీ. దుకాణం ఎందుకు? ఇంటర్నెట్ నుంచే కొత్త విండోస్ దిగుతుంది, మీరే చేసుకోవచ్చు" అంది. నాకు నమ్మకం కుదరలేదు. సిస్టం ఆగిపోతే సీడీల పౌచ్ పట్టుకుని ఒకబ్బాయి రావడం, మన కుర్చీలో కూర్చుని ఫార్మాట్ కొట్టడం, మనం పక్కన నిలబడి టీ అందించడం, అంతే నాకు తెలిసింది. 2020 నుంచి విండోస్‌లోనే ఆ సదుపాయం ఉందని తను చెప్పింది. యంత్రం లేవకపోయినా లోపల ఒక మూల చిన్న రికవరీ వ్యవస్థ బతికే ఉంటుంది. అందులో 'రీసెట్ దిస్ పీసీ' నొక్కితే రెండు ప్రశ్నలు. నీ ఫైళ్లు ఉంచనా, అన్నీ తుడిచెయ్యనా? కొత్త విండోస్ ఈ డిస్కులోంచే తీసుకోనా, నెట్‌లోంచి దించుకోనా? డిస్కులో ఉన్నదే దెబ్బతిన్నప్పుడు రెండోదే మంచిది. నాలుగు జీబీ పైన దిగుతుంది.

వాళ్లింట్లో ఇన్వర్టర్ ఉంది, బ్రాడ్‌బ్యాండ్ ఉంది. రాత్రి ఎనిమిదింటికి లాప్‌టాప్ తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ముందు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుందామంది. ఏది నొక్కినా యంత్రం ఒక్కటే అడిగింది: రికవరీ కీ. నలభై ఎనిమిది అంకెలు.

డిస్కు మొత్తానికి బిట్‌లాకర్ అనే తాళం పడి ఉందట. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లోపలికి వెళ్లినప్పుడు చాలా లాప్‌టాప్‌లకు తనంతట తానే పడుతుంది. తాళంచెవి ఆ అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది. "మీ అకౌంట్ ఏది ఆంటీ?" అంది. నాకు అకౌంట్ లేదు. 2021లో ఈ లాప్‌టాప్ కొనిచ్చి, అన్నీ సర్ది, "ఇంక నువ్వు రాసుకోవడమే అమ్మా" అని చేతిలో పెట్టింది మా అబ్బాయి. అకౌంట్ వాడిది.

సొంత గది గురించి ఎన్ని సభల్లో మాట్లాడానో! గది నాదే, బల్ల నాదే. తాళంచెవి న్యూజెర్సీలో ఉంది.

వాడికి అప్పుడు పొద్దున. ఆఫీసుకి బయలుదేరుతున్నాడు. "ఇప్పుడెందుకమ్మా ఈ తిప్పలు? షాపులో ఇచ్చెయ్" అన్నాడు. అయినా కారాపి చదివాడు. ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది. నేను పలికితే అమ్మాయి కొట్టింది. ఒక్కో గుంపూ పదకొండుతో శేషం లేకుండా పోతుందట. అంకె తప్పు పడితే పట్టుకోవడానికి అలా కట్టారని ఆ పిల్లే చెప్పింది. అయిదో గుంపులో నేను ఆరుని తొమ్మిదిగా విన్నాను. మళ్లీ చదివించుకున్నాం. తాళం తెరుచుకుంది.

ఫోను పెట్టేసే ముందు వాడు మామూలుగా అన్నాడు: "అయినా నీ డాక్యుమెంట్లు కొన్ని నా వన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయిలే. ఫోన్లో కనిపిస్తూ ఉంటాయి."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అకౌంట్ వాడిది కనక డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో నేను పెట్టినదల్లా మూడేళ్లుగా వాడి క్లౌడ్‌లోకి వెళ్తూనే ఉంది. ఉచితంగా ఇచ్చే ఐదు జీబీ నిండాక ఆగిపోయింది. టేపుల ఆడియో అంతా ఎక్కలేదు. చిన్న ఫైళ్లు, అంటే ఆ పంతొమ్మిది మంది మాటలు, ఎక్కేశాయి. దుకాణం కుర్రాడికి పాస్‌వర్డ్ రాసివ్వలేక అంత దూరం నుంచి వెనక్కొచ్చిన దాన్ని!

కాపీ చేసే పద్ధతి తమాషాగా ఉంది. రికవరీలో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లతెర వస్తుంది. అందులో 'నోట్‌ప్యాడ్' అని కొడితే మామూలు నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది. దాంట్లో ఫైల్, ఓపెన్ నొక్కి, అన్ని రకాల ఫైళ్లూ చూపించమంటే, ఆ చిన్న కిటికీలోంచి డిస్కంతా కనబడుతుంది. అక్కడే కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయొచ్చు. చీటీలు రాసుకునే వస్తువు దొడ్డిదారి అయింది. ఫోల్డర్ తెరవబోతూ అమ్మాయి లేచి నిలబడింది. "ఇది మీరే చేయండి ఆంటీ, నేను చాయ్ తెస్తా" అని లోపలికెళ్లింది. ఎవరూ చెప్పలేదు దానికి.

నేనొక్కదాన్నీ కూర్చుని చూశాను. ఫైళ్ల పేర్లు వరసగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. ఒక్కో ఫైలుకీ ఆమె పేరు, గల్లీ పేరు. సులువుగా దొరకాలని అప్పట్లో నేనే అలా పెట్టించాను. 'నామ్ నక్కో లిఖో' అన్నావిడ పేరు కూడా ఉంది. కాగితం మీద రాయలేదు, నిజమే. ఫైలు నొసట రాశాను. ఆ పేరు మూడేళ్లుగా మా అబ్బాయి ఫోన్లో ఉంది. వాడి మీద కోపం తెచ్చుకుని లాభమేముంది?

కాపీ అయ్యాక రీసెట్ మొదలుపెట్టాం. రౌటర్ నుంచి లాన్ కేబుల్ తెచ్చి పెట్టింది. ఫైళ్లు ఉంచు, క్లౌడ్ డౌన్‌లోడ్. దాని తర్వాత చెప్పడానికేమీ లేదు, శాతాలు పెరుగుతాయి, మనం చూస్తాం. ఒకసారి కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు వచ్చింది. ఆ 'టక్' చప్పుడుకి నా గుండె ఆగింది. ఒంటిగంట దాటాక విండోస్ లేచింది.

ఫైళ్లు ఉన్నాయి. మన ఫైళ్లు ఉంచుతుంది గానీ మనం వేసుకున్న ప్రోగ్రాములు ఉంచదు. ఏవేవి తీసేసిందో జాబితా రాసి డెస్క్‌టాప్ మీద పెడుతుంది. అందులో పేజ్‌మేకర్, అనూ రెండూ ఉన్నాయి. ఒక ఫైలు తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో గీతలు, కొక్కేలు. ఈ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మల్ని కూర్చోబెట్టాయి. ఫాంటు తీసేస్తే కింద ఇంగ్లీషు చెత్త మిగులుతుంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత సంఖ్య ఉంటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు వచ్చింది. మనం మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు పేజ్‌మేకర్‌నే పట్టుకుని ఉన్నాం, నాతో సహా.

ఆ పిచ్చిగీతలు చూసి ఒక క్షణం ఊపిరి పీల్చుకున్నానని ఒప్పుకుంటాను. మా అబ్బాయి ఏ ఫైలు తెరిచినా కనబడింది ఇదే అయుంటుంది. మాటలు తమని తామే దాచుకున్నాయి. పేర్లే దాక్కోలేదు.

ఆ ఆదివారం వాడికి ఫోన్ చేసి ఆ ఫోల్డర్ తీసెయ్యమన్నాను. రీసైకిల్ బిన్‌లోంచి కూడా, లేకపోతే ముప్పై రోజులు అక్కడే ఉంటుందని చెప్పాను.

"నేను చదువుతాననుకున్నావా అమ్మా?" అన్నాడు. గొంతు నొచ్చుకుంది.

"నువ్వు చదవ్వు నాన్నా. నీ దగ్గర ఉండకూడదు, అంతే."

"నేను పరాయివాడినా?"

ఆవిడ డబ్బు దాచుకున్నదీ ఇంట్లో వాళ్ల దగ్గరే అని చెప్పాలనిపించింది. అది చెబితే ఆవిడ మాట చెప్పినట్టే అవుతుంది. మాట్లాడలేదు. కాసేపటికి వాడే "సరే, తీసేశాను. బిన్ కూడా" అన్నాడు. తర్వాత రెండు వారాలు ఫోన్లో వాతావరణం గురించే మాట్లాడుకున్నాం.

అమ్మాయి దగ్గర కూర్చుని నా పేరున ఒక అకౌంట్ తెరిచాను. పాత తాళం పూర్తిగా విప్పి, నా అకౌంట్ మీద మళ్లీ వేశాం. ఫోల్డర్ క్లౌడ్‌లోకి వెళ్లకుండా ఆపేశాను. ఫైళ్ల పేర్లన్నీ మార్చాను, ఒకటి నుంచి పంతొమ్మిది వరకు. ఛత్తా బజార్‌లో ఒకరి దగ్గర అనూ ఫాంట్లు ఇంకా ఉన్నాయి, వేయించుకున్నాను. ఇప్పుడు ఒక్కో ఫైలూ యూనికోడ్‌లోకి మార్చి, టేపు విని, అక్షరం అక్షరం సరిచూస్తున్నాను. పదకొండు అయ్యాయి. ఆవిడది చివర్న పెట్టుకున్నాను. ముందు ఆవిడ ఉందో లేదో, ఉంటే ఇప్పుడేమంటుందో కనుక్కోవాలి. ఆ గల్లీలో ఆ ఇల్లు లేదు, పైన మూడంతస్తులు లేచాయి. కింద దుకాణంలో అడిగితే బార్కస్ వైపు వెళ్లిపోయారన్నారు.

కొత్త నలభై ఎనిమిది అంకెలూ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఎక్కడ పెట్టానో ఎవరికీ తెలియదు. నాకు అరవై ఏడేళ్లు. ఆ కాగితం సంగతి ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. మా అబ్బాయి అడగడం లేదు. పక్కింటి అమ్మాయికి ఉద్యోగం వచ్చి వచ్చే నెల పుణె వెళ్తోంది.